హ్యూ తాత ఏ కాలి మనిషి

ఏటి పుట్టుక, ఋషి పుట్టుక అడక్కూడదన్నారు పెద్దలు. తాత పుట్టుక గురించి మాత్రం ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ ఒక్క ముక్కా అనేసి ఉంటే డెల్ఫా మెకీవర్‌కి బోలెడు తపాలా బిళ్ళలు మిగిలేవి.

వర్జీనియా కొండల మధ్య టింబర్ రన్ అనే వాగు వెంట మెకీవర్లు రెండు వందల ఏళ్ళకు పైగా పాతుకుపోయి ఉన్నారు. ఆ పాతుకుపోవడం రెండు రకాలు. సగం మంది పొలాల్లో, మిగతా సగం చర్చి వెనక శ్మశానంలో. ఇందరికీ మూలపురుషుడు హ్యూ మెకీవర్. సముద్రం దాటి, ఫిలడెల్ఫియా రేవులో దిగి, బండ్ల బాట పట్టి నడిచి నడిచి, ఈ వాగు ఒడ్డున పాదం మోపి, పాదు చేసుకుని, తీగ సాగి, ఊరంతా పాకినవాడు. అంతవరకూ అందరికీ తెలుసు. ఆ మూలపురుషుడి మూలం ఏ మూలో, అదే ఎవరికీ తెలియదు. ఐర్లండ్‌కి ఉత్తరాన అల్‌స్టర్ అనేవాళ్ళు. అల్‌స్టర్‌లో ఎక్కడ అని అడిగితే, మందలో మీ గొర్రె ఏదంటే తెల్లదని చెప్పినట్టు, “అక్కడే ఎక్కడో” అనేవాళ్ళు.

డెల్ఫాకి యాభై ఎనిమిదేళ్ళు. విత్తనాలూ పశువుల దాణా అమ్మే కొట్టు ఆమెది. వాగుకి అవతలి ఒడ్డున ఉన్న ఖాతాదారుకి కూడా ఇవతలి ఒడ్డు నుంచే ధర చెప్పగల గొంతు. అలాంటి మనిషి కొన్నేళ్ళుగా కాలికి బలపం కట్టుకుని చర్చిల చుట్టూ, కచేరీల చుట్టూ, ముసలాళ్ళ అరుగుల చుట్టూ తిరుగుతోందంటే దానికి కారణం ఎజ్రా.

ఎజ్రా ఆమెకు పెద్దనాన్న. తండ్రి చిన్నప్పుడే పోతే పెంచినవాడు. తొంభై దాటి, చర్చి పెద్దల్లోకెల్లా పెద్దవాడై, చక్రాల కుర్చీలో కూర్చుని కూడా నిటారుగా ఉండే మనిషి. చర్చి వెనక హ్యూ సమాధి మీద వాగులోంచి తెచ్చిన మొరటు బండ ఒకటుంది, దాని మీద అక్షరం ముక్క లేదు. ఆ బండ పక్కన ఒక్క మనిషి పట్టే జాగా ఏ కారణంచేతో అలాగే మిగిలిపోయింది. ఆ జాగా తనకు కావాలని ఎజ్రా ఎప్పుడో చెప్పి పెట్టుకున్నాడు. ఒకసారి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున డెల్ఫాని పిలిచాడు.

“డెల్ఫా, ఆసుపత్రిలో పక్క మంచం వాడు రోజంతా మాట్లాడలేదే. ఏ ఊరో, ఎవరి తాలూకో తెలీదు. నాకు కునుకు పడితే ఒట్టు.”

“ఇంటికొచ్చావుగా, ఇక పడుకో పెద్దనాన్నా.”

“ఇక్కడి పడకకేం. అక్కడ పడుకునేది ప్రళయం దాకా. ఆ హ్యూది ఏ ఊరో, ఎలాంటివాడో తెలీకుండా పక్కన అంత కాలం ఎలా పడుకోమంటావు?”

అది మొదలు. డెల్ఫా తవ్వడం మొదలుపెట్టింది. కొండను తవ్వితే ఎలుకన్నా దొరుకుతుంది, వంశాన్ని తవ్వితే మొదట దొరికేవి కథలే. ముగ్గురన్నదమ్ములు పడవెక్కి వచ్చారనీ, ఒకడు ఉత్తరానికీ ఒకడు దక్షిణానికీ పోగా మనవాడు ఇక్కడ ఆగాడనీ ఒక కథ. ఆ లోయలో ఏ ఇంటి తలుపు తట్టినా ముగ్గురన్నదమ్ములే. ఇద్దరు వచ్చినవాళ్ళూ నలుగురు వచ్చినవాళ్ళూ ఏమయ్యారో మరి. మనకో కోట ఉండేదని ఇంకో కథ. కోట ఉన్నవాడు కాలినడకన ఇంత దూరం వచ్చి కోళ్ళగూడు లాంటి గుడిసె ఎందుకు వేసుకుంటాడని డెల్ఫా అడిగితే, ఆ కథ చెప్పిన ముసలావిడ ఆమెతో మాట్లాడటం మానేసింది.

చివరికి అల్‌స్టర్‌లో కనిపించిన ప్రతి ప్రెస్బిటేరియన్ చర్చికీ, అంటే తమలాంటి ప్రొటెస్టంట్ల చర్చికీ, ఉత్తరం రాసింది. చాలామంది జవాబివ్వలేదు. ఆ రోజుల్లో అక్కడ ప్రొటెస్టంట్లకీ కాథలిక్కులకీ మధ్య బాంబులూ తుపాకులూ మోగుతున్నాయి, పైకి పోతున్నవాళ్ళని లెక్కపెట్టడానికే తీరిక లేదు, ఎప్పుడో పోయినవాణ్ణి ఎవరు వెతుకుతారు. ఒక్కడు రాశాడు. బాలినకీల్ అనే ఊళ్ళో వ్యవసాయం చేసుకునే విలియమ్-జాన్ బెల్షా, అక్కడి చర్చిలో పెద్ద. “మా చర్చిలో మెకీవర్లు ఉండేవాళ్ళు. వాళ్ళ కుర్రాడొకడు వెనకటి కాలంలో అమెరికా పోయాడని మా నాయనమ్మ అనేది. ఆ ఇంటి గోడలు ఇప్పటికీ ఉన్నాయి. గోడల మధ్య నా ఆవులున్నాయి” అని రాశాడు.

ఎజ్రాకి ఆ ఆవుల వాక్యం ఎంతో నచ్చింది. భోజనానికి కూర్చున్నప్పుడల్లా చదివించుకున్నాడు. ఇక ఆగేదేముంది, రాయి చెక్కించమన్నాడు. రాయి మీద ఏం రాయిద్దామని అడిగితే ఏళ్ళ తరబడి దాచుకున్న మాటలు అప్పచెప్పాడు: హ్యూ మెకీవర్. బాలినకీల్‌లో పుట్టినవాడు. కడదాకా నిఖార్సైన ప్రెస్బిటేరియన్.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్ళయిందని ఊరూరా జెండాలు కడుతున్న ఎండాకాలం అది. ఆగస్టు మొదటి ఆదివారం మెకీవర్లంతా చర్చి ఆవరణలో కలిసి భోంచేయడం ఎప్పటినుంచో ఉంది. ఈసారి అదే రోజు రాయి నిలబెట్టాలనుకున్నారు. తలా ఇంత వేసుకుని విలియమ్-జాన్‌ని కూడా విమానమెక్కించి రప్పించారు. నిజమైన బాలినకీల్ మనిషి చేతుల మీదుగా ముసుగు తీయించాలని ఎజ్రా పంతం.

శనివారం పొద్దున్న డెల్ఫా ఆయన్ని తన ట్రక్కులో శ్మశానానికి తీసుకొచ్చింది. రాయి పాతడానికి గుంట తవ్వే పని ఆ పూటే. మెకీవర్లలో ఆ పని కూలికి ఇవ్వరు. సమాధి గానీ, సమాధిరాయికి గుంట గానీ సొంతవాళ్ళే తవ్వాలి. డజను మంది మగవాళ్ళు పారలు భుజాన వేసుకుని అప్పటికే వచ్చి ఉన్నారు. వాళ్ళందరికీ ముందు నిలబడ్డాడు బర్ల్, డెల్ఫాకి తమ్ముడి వరస. లారీ నడుపుతాడు. అంత లావు మనిషి ఆ పొద్దున మోకాళ్ళ పైదాకా ఉన్న గళ్ళ పావడా ఒకటి కట్టుకుని నిలబడ్డాడు.

విలియమ్-జాన్ ఆ పావడాని కింది నుంచి పైకీ, పైనుంచి కిందికీ చూశాడు.

“ఇదేంటి నాయనా?”

“కిల్ట్ సార్. మన వంశం గళ్ళు. పోస్టులో తెప్పించాను.”

“ఎవరి వంశం?”

“మనదే. స్కాట్లండ్ నుంచి మీ ఊరొచ్చి, అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చాం కదా.”

“మా ఊళ్ళో నేను పుట్టినప్పట్నుంచీ ఇలాంటిది మగాడి ఒంటి మీద చూడలేదు. మా అమ్మ వంటింట్లో బల్ల మీద పరిచేది.”

పారల వాళ్ళంతా నవ్వారు. బర్ల్ చిన్నబుచ్చుకున్నట్టు ముఖం పెట్టి, “గాలి ఆడుతుంది సార్, ఎండాకాలానికి బాగుంది” అన్నాడు. పావడా గాలికి ఆడింది కూడా. డెల్ఫా తల తిప్పుకుంది.

తవ్వడం మొదలైంది. విలియమ్-జాన్ చెట్టు నీడన డెల్ఫా ఇచ్చిన చల్లటి టీ పట్టుకుని కూర్చున్నాడు. మట్టి పనిలో పుట్టినవాడు కాబట్టి తవ్వేవాళ్ళని చూడటం ఆయనకి సంగీతం వినడం లాంటిది. తాళం తప్పితే తెలిసిపోతుంది. కాసేపటికి టీ తాగడం ఆపాడు. ఇంకాసేపటికి గ్లాసు కింద పెట్టాడు.

“డెల్ఫా గారూ, మీవాళ్ళంతా ఎడమ కాలితో పార తొక్కుతున్నారే.”

డెల్ఫా ఛాతీ విరుచుకుంది. “అది మా ఇంటి పద్ధతండీ. పిల్లలకి పార పట్టడం రాగానే నేర్పుతాం. కుడి కాలు పెడితే పిక్క మీద ఒకటి పడుతుంది. ‘ఎడమ కాలు పారకి, కుడి కాలు ప్రభువుకి’ అని హ్యూ తాత నేర్పాడట. పక్క పొలాల వాళ్ళు మాది పెడకాలని ఏడిపిస్తారు. ఏడిపించనీండి. తుచ తప్పని ప్రెస్బిటేరియన్ క్రమశిక్షణ ఇదేనని మా పెద్దనాన్న ఇప్పటికీ చెప్తాడు.”

విలియమ్-జాన్ నవ్వలేదు. ఆయన మొహంలో ఎర్రదనం తగ్గింది.

“ఆడవాళ్ళూ అంతేనా?”

“నేనూ ఎడమే. ఏం, మీ ఊళ్ళో అందరూ అంతే కదా?”

ఆయన గొంతు తగ్గించి, చుట్టూ చూసి, అక్కడ ఎవరూ వినే ప్రమాదం లేకపోయినా వినకుండా జాగ్రత్తపడుతూ చెప్పాడు.

“చెల్లెమ్మా, మా దగ్గర ఒక మాటుంది. కొత్తవాడెవడన్నా వస్తే వాడు ఏ మతం అని అడగం. ఏ కాలితో తవ్వుతాడు అంటాం. కుడి కాలైతే మావాడు. ఎడమ కాలైతే కాథలిక్.”

డెల్ఫాకి వెంటనే బుర్రకెక్కలేదు. ఎక్కాక, కాళ్ళ కింద నేల కదిలిందంటారే, అది నిజంగానే కదులుతోంది. అవతల డజను మంది ఎడమ కాళ్ళతో తవ్వుతున్నారు.

“ఊరికే అనే మాట అయ్యుంటుంది. కాలు చూసి కులం చెప్పేస్తారా ఎక్కడన్నా?”

“మాట వరసకే అంటారు. ప్రతిచోటా నిజం కూడా కాకపోవచ్చు. కానీ మా బాలినకీల్‌లో మాత్రం నిజం. ఎడమ కాలి ప్రెస్బిటేరియన్‌ని నేను ఇంతవరకూ ఒక్కణ్ణి చూడలేదు. ఇవాళ ఒక్కసారే గుంపు కనపడింది.”

“మరి మీ చర్చి మెకీవర్లు?”

“ఆ ఇంటివాళ్ళు ఎప్పుడూ కుడే. మా తాతతో కలిసి ఉర్లగడ్డలు తవ్వినవాళ్ళు, అందరికీ తెలుసు. వీళ్ళు వాళ్ళ బిడ్డలు కారు చెల్లెమ్మా.” ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. “మా ఊళ్ళో మెకీవర్లు రెండు రకాలు. పల్లంలో మా వాళ్ళు. పైన కొండ మీద, రాళ్ళ నేలలో ఇంకో ఇల్లు. వాళ్ళు కాథలిక్ పాదిరి దగ్గర పూజకి వెళ్ళేవాళ్ళు. ఆ ఇంటి నుంచి ఎవరన్నా అమెరికా పోయారా అని మా నాయనమ్మ ఎప్పుడూ అనలేదు. అసలు ఆ ఇంటి గురించే ఏమీ అనేది కాదు.”

పుట్టిన గడ్డ కోసం వెతికితే ఉర్లగడ్డ దగ్గర దొరికాడు హ్యూ తాత. దొరికాడనాలో, దొరికిపోయాడనాలో డెల్ఫాకి తోచలేదు.

బర్ల్‌ని పిలిచి చెప్పింది. వాడు చెమట తుడుచుకుంటూ విని, ఒంటికాలి మీద లేచాడు.

“అక్కా, రేపు వంద మంది వస్తున్నారు. రాయి ట్రక్కులో ఉంది. పెద్దనాన్నకి ఈ మాట చెప్పావంటే ఆ గుంట రాయికి కాదు, ఆయనకే సరిపోతుంది. నోరు మూసుకుందాం.”

“ఆయన అడిగిందే ఇది కదరా.”

“ఆయన ఊరు అడిగాడు. ఊరు సరిపోయింది కదా. పల్లం కాకపోతే కొండ. బాలినకీల్ బాలినకీలే. కాలు సంగతి ఎవరడిగారు?”

“నీ మాట కూడా సబబే నాయనా,” అన్నాడు విలియమ్-జాన్. “మా దగ్గర నోరు మూసుకోవడం పెద్ద విద్య. అందులో నేను ఆరితేరినవాణ్ణి. ఆ కొండ మీద ఇంట్లో ఇప్పుడు ఫ్రాన్సీ మెకీవర్ అని ఉన్నాడు. నా ట్రాక్టరు ఆయన గడ్డికి, ఆయన భుజం నా ఉర్లగడ్డలకి, అలా గడిచింది మా ఇద్దరికీ వయసంతా. నాలుగేళ్ళ కిందట మా వైపు వాళ్ళెవరో ఆయన గడ్డివాము తగలబెట్టారు. నేను కాదు. నేను కాదని చెప్పడానికి వెళ్ళలేదు. వెళ్ళకపోవడంతో నేనే అన్నట్టయింది. ఇప్పుడా గేటు ముందు నుంచి వెళ్ళాలంటే చుట్టు తిరిగి పోతున్నాను.”

ఆయన చెప్పింది నోరు మూసుకోమనే. డెల్ఫాకి వినపడింది మాత్రం ఇంకోటి. ట్రక్కు తాళాలు తీసుకుంది.

ఎజ్రా ఇంటి ముందు అరుగు మీద, మోకాళ్ళ మీద బట్ట కప్పుకుని, చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాడు. రేపటి భోజనంలో తన వాటా తానే చేస్తానని పట్టుపట్టిన పని. డెల్ఫా ఎదురుగా మెట్టు మీద కూర్చుని, కొట్టులో ధర చెప్పినట్టు చెప్పకుండా, మొదటిసారి చిన్న గొంతుతో మొత్తం చెప్పేసింది. ఆయన చేతులు ఆగలేదు. ఈనెలు తీస్తూనే విన్నాడు.

“ఆ పెద్దమనిషికి చూపు బాగుందా?”

“బాగుంది పెద్దనాన్నా.”

“ఏమన్నా తాగి ఉన్నాడా?”

“నేనిచ్చిన టీ. అదీ సగమే.”

“బర్ల్‌ని చూసి అనుకున్నాడేమో. వాడికి చిన్నప్పుడు ఏ చెప్పు ఏ కాలిదో తెలిసేది కాదు.”

“అందరూ ఎడమేగా. నాకు నేర్పింది నువ్వే. పిక్క మీద కొట్టింది కూడా నువ్వే.”

ఎజ్రా ఇంకో కాయ తీసుకున్నాడు. విరిచాడు. రెండు ముక్కలూ చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎదురుగా రోడ్డు మీద ఎవరిదో కారు వెళ్ళింది, అందులోవాళ్ళు చెయ్యి ఊపారు, ఆయన ఊపలేదు.

“కడుపునొప్పి,” అన్నాడు.

డెల్ఫా ఒక్క ఉదుటున లేచింది. “నొప్పా? ఎక్కడ? డాక్టర్ని పిలవనా?”

“కూర్చో. నాకు కాదు, హ్యూకి.” ఆయన వాగు వైపు చూస్తూ మాట్లాడాడు. “మా తాత చెప్పేవాడు. అప్పట్లో ప్రభువు బల్ల అంటే ఏడాదికి రెండుసార్లే. లోయలో జనమంతా నడిచి వచ్చి, చెట్ల కింద బల్లలు వేసుకుని, రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాళ్ళు. భార్య యాగ్నెస్ పిల్లల్ని తీసుకుని వెళ్ళేది. హ్యూకి సరిగ్గా ఆ రోజే కడుపునొప్పి వచ్చేదట. ప్రతిసారీ వచ్చేదట. మామూలు ఆదివారాల్లో ప్రసంగానికి వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. రొట్టె రోజు మాత్రం మంచమెక్కేవాడు. మా ఇంట్లో ఎవరన్నా పని ఎగ్గొడితే ‘హ్యూ కడుపునొప్పా’ అనేవాళ్ళం. పచ్చి ఆపిల్ కాయలు తిన్నాడనుకున్నాం.”

“నాకు తెలుసు ఆ మాట. నువ్వు నన్నూ అనేవాడివి.”

“చర్చి పెద్దగా ఉండమంటే వద్దన్నాడట కూడా. వినయం అనుకున్నాం. మా నాన్న ఆ వినయం గురించి ప్రార్థనలో చెప్పేవాడు.” ఎజ్రా చిక్కుడు ముక్కలు గిన్నెలో వేశాడు. “ఇంత కాలం ఆయన వినయాన్ని తలుచుకుని గర్వపడ్డాం.”

ఇప్పుడు కోపం వస్తుందని డెల్ఫా ఎదురుచూసింది. ఎజ్రా కోపం ఆమెకు తెలుసు. దేశాధ్యక్ష పదవికి కాథలిక్ అభ్యర్థి పోటీ చేసిన ఏడాది ఓటు వేయడానికి బస్సు దొరక్కపోతే ఆరు మైళ్ళు నడిచి వెళ్ళి వ్యతిరేకంగా వేసి వచ్చిన మనిషి.

“మనవాళ్ళని మోసం చేశాడంటావా?” అని తనే అడిగింది.

“అబద్ధం చెప్పే ఉంటాడు. మనవాళ్ళు అడక్కుండా ఉంటారా. ఆ రోజుల్లో కాథలిక్ అని తెలిస్తే తుపాకీ ఉంచుకోనిచ్చేవాళ్ళు కాదు, కచేరీలో వాడి సాక్ష్యం చెల్లేది కాదు. యాగ్నెస్‌ని ఇచ్చేవాళ్ళు అసలే కాదు. పాదిరి కావాలంటే కొండలు దాటి ఎన్ని రోజులు నడవాలో. నోటితో చెప్పే ఉంటాడు, మీవాణ్ణేనని.” ఆయన ఇంకో కాయ తీసుకున్నాడు. “కానీ చూడు, అబద్ధమాడేవాడికి కడుపునొప్పితో పనేముంది. వచ్చి రొట్టె తినేసి పోతే ఎవరికి అనుమానం. మన బల్ల రొట్టె తినడం కాథలిక్కులకి పాపం. నోటితో చెప్పాడు గానీ, నోట్లో పెట్టుకోలేకపోయాడు.”

డెల్ఫాకి ఆ మంచం కనపడింది. ఇల్లంతా ఖాళీ అయిపోయి, దూరంగా చెట్ల కింద వాళ్ళు పాడే కీర్తన వినపడుతూ ఉండగా, ఏ నొప్పీ లేని కడుపు పట్టుకుని ఒంటరిగా పడుకున్న మనిషి. మర్నాడు లేచి కొడుకుల చేత పార పట్టించి, ఈ కాలు కాదు, ఆ కాలని పిక్క మీద తట్టిన మనిషి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన బతికున్నన్నాళ్ళూ నోరు జారలేదు. కావాలనే ఒక కాలు జార్చాడేమో.

“నీకు వేరే చోటు చూడమంటావా పెద్దనాన్నా?” అంది. దారంతా మోసుకొచ్చిన ప్రశ్న ఇదే. “మా నాన్న పక్కన కొంచెం జాగా ఉంది.”

ఎజ్రా గిన్నెని ఆమె ఒళ్ళోకి నెట్టాడు.

“ఇవి కడిగి పొయ్యి మీద పెట్టు. చోటు ఎందుకు మారుస్తాను? ఊరు అడిగాను, చెప్పావు. ఎలాంటివాడో అడిగాను, అది కూడా చెప్పావు. మన మధ్య ఇన్నేళ్ళు ఒక్కడే పడుకున్నాడు పాపం. పక్కన తెలిసినవాడు ఒకడుంటే ఆయనకే నయం.” మోకాళ్ళ మీది బట్ట దులిపి, “బర్ల్‌ని ఉలీ సుత్తీ తీసుకుని రమ్మను. ఆ పావడా విప్పి రమ్మను,” అన్నాడు.

బర్ల్ ప్యాంటులో వచ్చాడు. ట్రక్కు వెనక తలుపు దించి, రాయి మీది దుప్పటి తీశారు. ఎజ్రా కుర్చీలోంచి వంగి, ‘ప్రెస్బిటేరియన్’ అన్న చివరి వరస మీద వేలు పెట్టాడు.

“ఇది కొట్టెయ్.”

“దీని బదులు ఏం చెక్కించమంటావు?”

“ఏమీ వద్దు.”

“గరుకుగా మిగిలిపోతుంది పెద్దనాన్నా. చూసేవాళ్ళు అడుగుతారు.”

“అడగనీ. అడిగినవాళ్ళకి చెప్పడానికి నీకు నోరిచ్చాడుగా దేవుడు. తెలిసినంత నున్నగా ఉండనీ, తెలియంది గరుకుగా ఉండనీ.”

బర్ల్‌కి రాతి పని రాదు. సుత్తి దెబ్బకో పెచ్చు లేచింది. పని అయ్యేసరికి ఊరి పేరు కింద ఒక మొరటు పట్టీ మిగిలింది, ఎవరో గోళ్ళతో గీకినట్టు.

ఆదివారం ప్రసంగం అయ్యాక జనమంతా సమాధి చుట్టూ మూగారు. విలియమ్-జాన్ ముసుగు తీశాడు. ఆ పట్టీ చూసి గుసగుసలు మొదలయ్యేలోపే ఎజ్రా కుర్చీలోంచి, తొంభై ఏళ్ళవాడికి ఉండకూడనంత గొంతుతో, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. కాలు, కొండ మీద ఇల్లు, కడుపునొప్పి, అన్నీ. కడుపునొప్పి దగ్గర కొందరు నవ్వబోయి మధ్యలో ఆపుకున్నారు. పాస్టరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆయన తల్లి కూడా మెకీవర్ల ఆడపడుచే.

అంతా అయ్యాక కోట కథ చెప్పిన ముసలావిడ కర్ర నేలకేసి కొట్టింది. “అయితే ఎజ్రా, ఇప్పుడు మనం ఎవరం?”

“ఆకలేసినవాళ్ళం. పదండి, వడ్డించండి.”

చెట్ల కింద బల్లల మీద వేయించిన కోడీ, ఉప్పులో ఊరిన పంది తొడా, మొక్కజొన్న రొట్టే, ఎజ్రా ఈనెలు తీసిన చిక్కుళ్ళూ సర్దారు. కొందరు ముభావంగా తిన్నారు. ఒక కుటుంబం తినకుండా కారెక్కి వెళ్ళిపోయింది. కానీ వెళ్ళే ముందు ఆ ఇంటాయన రాయి దగ్గర ఆగి, గరుకు పట్టీ మీద బొటనవేలు రాసి వెళ్ళడం డెల్ఫా చూసింది.

భోజనాలయ్యాక విలియమ్-జాన్ ఎజ్రా కుర్చీ పక్కకు స్టూలు జరుపుకున్నాడు.

“ఒక కోరిక కోరచ్చా? నాకో ఫొటో కావాలి. మీవాళ్ళంతా పార మీద కాలు పెట్టి నిలబడి ఉన్నది.”

“ఎవరికి చూపిస్తావు?”

“ఫ్రాన్సీకి. గేటు దగ్గరికి వెళ్ళాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. వట్టి చేతులతో వెళ్ళి నాలుగేళ్ళ మాట ఎలా ఎత్తను? అమెరికాలో నీ తాలూకు వాళ్ళు లోయ నిండా ఉన్నారు, అందరూ మా చర్చివాళ్ళే, అందరిదీ నీ కాలే అంటే…” ఆయన టోపీ చేతిలో తిప్పాడు. “ముందు నవ్వుతాడనుకుంటా. తర్వాత సంగతి తర్వాత.”

ఎజ్రా బల్లల వైపు తిరిగి, “పారలున్నవాళ్ళంతా రండి, లేనివాళ్ళు తెచ్చుకుని రండి,” అని కేకేశాడు.

రాయి ముందు వరసలు కట్టారు. ఆడవాళ్ళూ వచ్చారు. ముసలావిడ పార మోయలేనంటే ఆమె కర్రనే పార అనుకోమన్నారు. ఎజ్రా కుర్చీ మధ్యలో పెట్టి, బర్ల్ కిందికి వంగి ఆయన ఎడమ పాదం ఎత్తి పార అంచు మీద ఉంచాడు. విలియమ్-జాన్ కెమెరా వెనక నిలబడబోతే ఎజ్రా ఒప్పుకోలేదు.

“ఆ పెట్టె డెల్ఫా చూసుకుంటుంది. నువ్వొచ్చి నా పక్కన నిలబడు. నువ్వు లేకపోతే ఇది ఎక్కడో కొన్నదనుకుంటాడు.”

ఆయన వచ్చి, బర్ల్ అందించిన పార తీసుకుని, అలవాటు కొద్దీ కుడి కాలు పెట్టాడు. వరసంతా ఆ కాలినే చూసింది. ఆయన సిగ్గుపడ్డాడు.

“ఇది మారదు.”

“మార్చమని ఎవరన్నారు? కొంచెం ఇటు జరుగు, నా పార కనపడట్లేదు.”

“గేటు తియ్యకపోతే?” అని అడిగాడు విలియమ్-జాన్, ఎజ్రాకి మాత్రమే వినపడేలా.

“గేటు మీద నుంచే ఎత్తి చూపించు. ఇన్ని కాళ్ళున్నాయి, ఏదో ఒకటి కనపడుతుందిలే.”

డెల్ఫా నవ్వమని కేకేసింది. మెకీవర్లు ఫొటోలకు నవ్వే రకం కాదు. అందరూ ప్రసంగం వింటున్నట్టు బిగుసుకుని నిలబడ్డారు. ఆమె బొత్తాం నొక్కింది. ఎందుకైనా మంచిదని ఇంకోసారి నొక్కి, ఫొటో పెద్ద సైజులో వెయ్యమని కొట్టువాడికి చెప్పాలి, చిన్నదైతే గేటు అవతలికి ఆనదు అనుకుంది.